ఇంటింటికి నొకే విధి

గ్రామమున చాటింపు వేయువాడు డప్పు కొట్టి, "రేపు ఉదయము ఇంటింటికి నొక మనిషి చెఱువు కట్టకు రావలెను" అని చెప్పును. ఆ మాటలో నెంత నేర్పు గలదో మనము సాధారణముగా తలపము. వాడు ఇండ్లవారి పేరులు చదువలేదు. ఊరిలో నెన్ని యిండ్లున్నవో లెక్క చెప్పలేదు. ఏ వీధినుండి మొదలు పెట్టవలెనో చెప్పలేదు. అయినను ఆ యాజ్ఞనుండి ఒక్క యిల్లును తప్పించుకొనజాలదు. ఒక్క యింటికి అది రెండుమాఱులు తగులదు. "ఊరివారు రావలెను" అని మాత్రమే చెప్పియుండినచో పదిమంది పోయెడివారు, తక్కినవారు ఎవరో ఒకరు పోయిరిగదా యని యరుగుమీద గూర్చుండెడివారు. "ఇల్లు" అను శబ్దమును రెండుమాఱులు పలుకుటచేతనే ఆ వాక్యమున కీ బలము వచ్చినది.

పాణిని మహర్షి ఈ యర్థమునకు వీప్స యని పేరు పెట్టి, వీప్స తోచునపుడు పదమును రెండుమాఱులు చెప్పవలెనని విధించెను. ఒక క్రియను గాని, గుణమును గాని, ఒక సమూహమందలి వస్తువుల కన్నిటికిని, ఒక్కొక్కదానికే విడివిడిగా వ్యాపింపజేయవలెనని పలుకువానికి గల కోరికయే వీప్స. తెలుగున రెండవమాఱు పలికిన రూపమును ఆమ్రేడిత మందుము. ఊరూర, ఏటేట, ఇంటింట అను మాటలు చదువురానివారి నోటను చక్కగా పలుకును. బడిలో మేము "ఎవరి పలకమీద వారు పేరు వ్రాయుడు" అనుటయు నీ తెగకు జేరినదే.

నేటి ప్రసంగమున నేను చెప్పదలచినది ఈ వీప్సను గుఱించియే. అయితే వ్యాకరణమందలి వీప్స కాదు, కంప్యూటరునందలి వీప్స. పెద్దలకు ఈ విషయ మెందులకని సందేహింపవలదు. మీ పింఛను పట్టికయు, బియ్యపు కార్డుల పట్టికయు, పాల లెక్కయు నేడు చేతివ్రాతతో తయారగుట లేదు. ఎవడో యొకడు ఒక విధిని ఒక్కమాఱు వ్రాయును. యంత్రము దానిని వేలమంది పేరులపై ఒక్కొక్కరికి వర్తింపజేయును. ఆ పని యెట్లు జరుగునో కొంతయైన తెలిసినవాడు, తన చీటీలో పొరపాటు కలిగినపుడు ఏమని యడుగవలెనో యెఱుగును.

కంప్యూటరునకు ఆజ్ఞలు వ్రాయువారు ఒక పనికి ఒక విధిని గూర్చి, దానిని ఫంక్షన్ అందురు. మన గణిత పాఠ్యపుస్తకములలో దీనినే ప్రమేయ మనిరి. లోపలికి ఒక వస్తువు నిచ్చినచో వెలుపలికి ఒక వస్తువును వచ్చును. వస్తువుల వరుసను జాబితా యనియు, లిస్టు అనియు పిలుతురు. జాబితాలోని ప్రతి యంశమునకును విధిని వర్తింపజేసి, ఫలితములతో క్రొత్త జాబితాను గూర్చుటకు మ్యాప్ అని పేరు. దేశపటమును గూడ ఆంగ్లేయులు మ్యాప్ అనియే యందురు. అందలి ప్రతి చుక్కయు నేలమీది యొక చోటునకు సరిపోవునట్లు, క్రొత్త జాబితాలోని ప్రతి యంశమును పాత జాబితాలోని యొక యంశమునకు సరిపోవును.

ఉదాహరణము చూపినగాని యిది మనసున నాటదు. 1957 ఏప్రిల్ 1వ తేదీన మన దేశమున అణాలు పోయి నయాపైసలు వచ్చినవి. మీలో పలువురకు ఆ దినములు జ్ఞాపకముండును. అంతకుముందు రూపాయికి పదునాఱణాలు. ఆనాటినుండి రూపాయికి నూఱు నయాపైసలు. కావున అణా యొక్కటికి ఆఱుంబావు నయాపైసలు వచ్చును. పావుపైస యను నాణెము లేదుగనుక, సగమునకు మించిన భిన్నమును ఒక పైసగా గొని, సగమును అంతకు తక్కువదానిని విడిచిపెట్టుట యని విధి నేర్పఱచుకొందము. ఒక దుకాణదారుని చిట్టాలో వరుసగా అణా, బేడ, మూడణాలు, పావులా అని నాలుగు పద్దులున్నవనుకొనుడు. ఒక్కొక్కదానికి విధిని వర్తింపజేసినచో 6, 12, 19, 25 అని నయాపైసల జాబితా వచ్చును. మ్యాప్ అనగా నింతే.

ఇంతే యైనను, ఇందు గమనింపదగినవి కలవు. నాలుగు పద్దులు లోపలికి పోయినవి, నాలుగే వెలుపలికి వచ్చినవి. మొదటిది మొదటిదిగానే, చివరిది చివరిదిగానే యున్నది. పాత చిట్టా చెడలేదు. క్రొత్తది దాని ప్రక్కన నిలిచినది. మా ప్రాంతపు వర్తకుల యిండ్లలో నేను చూచిన ఆనాటి ఆవర్జాలలో కొన్నింట అణాల గడి ప్రక్కనే నయాపైసల గడిని గీసియున్నారు. అట్టి లెక్కను ఈనాడును సరిచూడవచ్చును. కొందఱు అణాల యంకెలను కొట్టివేసి వానిపైననే క్రొత్త యంకెలను దిద్దిరి. ఆ పుటలలో ఏది దేనినుండి వచ్చెనో పరమేశ్వరునకే తెలియవలెను. కంప్యూటరు పండితులును ఈ రెండు పద్ధతులను ఎఱుగుదురు, మొదటిదానినే మెచ్చుకొందురు.

విధి వలన మార్పు కలుగని యంశము వచ్చినపుడు ఏమగును? వైయాకరణులకు ఈ ప్రశ్న క్రొత్తది కాదు. సూత్రము ప్రవర్తించుటను వారు మేఘముతో పోల్చిరి. మేఘము ఎండిన గుంటమీదను కురియును, నిండిన చెఱువుమీదను కురియును. ఇచ్చట ప్రయోజనము గలదా లేదా యని తడవుకొనదు. అట్లే సూత్రమును తన యెదుటికి వచ్చిన ప్రతి లక్ష్యముమీదను ప్రవర్తించును. మ్యాప్ నడక యిదియే. ఒక యంశము మాఱినను మాఱకున్నను విధి క్రిందనుండి దాటిపోవలసినదే, క్రొత్త జాబితాలో తన చోట గూర్చుండవలసినదే. అంశము తగ్గిపోయినచో అది మ్యాప్ కాదు, మఱియొక పని.

ఆ మఱియొక పనులేవో మన చిత్తూరు సీమలోనే చూపగలను. తోతాపురి మామిడి కోతకు వచ్చినపుడు గుజ్జు తీయు కర్మాగారమునకు బండ్లు బారులు తీరును. లోపల మొదట ప్రతి కాయను కడుగుదురు. వేయి కాయలు కడిగిన వేయి కాయలే యుండును, ఇది మ్యాప్. పిమ్మట క్రుళ్లినవానిని ఏఱి పాఱవేయుదురు. కాయ తీరు మాఱదు, లెక్క తగ్గును. ఏఱుటకు ఫిల్టర్ అని వారు పేరు పెట్టిరి. తుదకు అన్నిటి గుజ్జును ఒక్క తొట్టిలో గలుపుదురు. వేయి కాయలు పోయి ఒక్క తొట్టి మిగిలినది. దీనికి రెడ్యూస్ అని పేరు. మనము చిట్టా చివర వేయు మొత్తము ఇట్టిదే. కడుగుట, ఏఱుట, కలుపుట అను నీ మూటితోనే కంప్యూటరుశాస్త్రజ్ఞులు తమ పనులలో పెక్కింటిని నెట్టుకొని వత్తురన్నచో మీకు నవ్వు రావచ్చును. కాని యిది నిజము.

ఈ యుపాయము ఎచ్చటనుండి వచ్చినదని యడిగినచో, అమెరికాదేశమున జాన్ మెకార్తీ యను పండితుడు 1958లో మొదలుపెట్టిన లిస్ప్ అను కంప్యూటరు భాషను చెప్పవలసియున్నది. జాబితాలను గూర్చి విచారించుటకే పుట్టిన భాష యది. 1960లో ఆయన ప్రకటించిన వ్యాసమున, జాబితా వెంబడి ఒక విధిని నడిపించు "మ్యాప్‌లిస్ట్" అను ప్రక్రియను వివరించెను. ఇందలి క్రొత్తదనము జాబితాలో లేదు. ఒక విధి చేతికి మఱియొక విధిని వస్తువువలె నందిచ్చుటలో నున్నది. చాటింపువాని డప్పు ఒకటే. చెఱువు పనికి రమ్మనుటయైనను, శిస్తు కట్టుమనుటయైనను ఆ డప్పుమీదనే సాగును. మ్యాప్ ఆ డప్పు వంటిది. చాటవలసిన మాట యేదో వేఱుగా నిచ్చిన చాలును.

మెకార్తీగారి శిష్యులలో మన సీమవా డొకడు గలడని చెప్పుటకు నాకు సంతోషముగా నున్నది. చిత్తూరు జిల్లా కాటూరు గ్రామమున 1937లో ఒక రైతు కుటుంబమున జన్మించిన దబ్బాల రాజగోపాలరెడ్డిగారు, లోకమునకు రాజ్ రెడ్డిగారు, తమ యింట కళాశాలకు పోయినవారిలో మొదటివారు. మదరాసులోని గిండీ ఇంజనీరింగు కళాశాలలో 1958లో పట్టము పొంది, ఆస్ట్రేలియాకు, అటనుండి అమెరికాకు పోయి, స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయమున మెకార్తీగారి యొద్ద 1966లో డాక్టరు పట్టము నందిరి. యంత్రము మనుష్యుని పలుకును గ్రహించునట్లు చేయుట వారు చేపట్టిన విషయము. 1994లో కంప్యూటరుశాస్త్రమున మిక్కిలి గొప్పదిగా నెంచబడు టూరింగ్ పురస్కారము ఎడ్వర్డ్ ఫైగెన్‌బామ్‌గారితో పాటు వారికి లభించినది. 2001లో మన ప్రభుత్వము పద్మభూషణ బిరుదము నిచ్చినది.

యంత్రము మాటను గ్రహించుటకు మొదట చేయు పనియు మ్యాప్ వంటిదే. పలికిన ధ్వనిని మిక్కిలి చిన్న ముక్కలుగా విభజించి, ప్రతి ముక్కకును ఒకే కొలతలు తీయుదురు. అయితే అంతటితో మాట తెలియదు. ఏలయనగా ఒక ధ్వని ఏదో తేలుటకు దాని ముందువెనుకల ధ్వనులను గూడ చూడవలెను. కావున మ్యాప్ సాగు చోటేదో, సాగని చోటేదో తెలిసికొనవలెను. ఇచ్చట నేను మరల వ్యాకరణమును బట్టుకొనెదను, అలవాటు పోదు.

బహువచన రూపములను జాబితాగా వ్రాయుమన్నచో, ప్రతి పదమును దానికదే చూచి వ్రాయవచ్చును. బల్ల బల్లలగుటకు ప్రక్కన గుఱ్ఱమున్నదా, ఏనుగున్నదా యను విచారముతో పని లేదు. ఇది మ్యాప్‌నకు లొంగును. సంధి యట్లు కాదు. "వాడు" అను పదముననున్న ఉకారము నిలుచునా పోవునా యని ఆ పదమునే యెంత చూచినను తెలియదు. తరువాత "ఎక్కడ" వచ్చినచో "వాడెక్కడ" యగును. "వచ్చెను" వచ్చినచో ఉకారము చెక్కుచెదరదు. తన పొరుగు నెఱుగవలసిన యంశమునకు ఒంటరిగా విధి చెప్పజాలము. చిట్టాలో నానాటి నిలువయు నిట్టిదే. నేటి నిలువ తేలవలెనన్నచో నిన్నటి నిలువ తెలియవలెను. నడుమ నొక దినము తప్పినచో తరువాతి వన్నియు తప్పును.

అంశములు ఒకదాని మొగ మొకటి చూడనవసరము లేనిచోట ఒక గొప్ప లాభము కలదు. పనిని పలువురు పంచుకొనవచ్చును. నూఱు మామిడిచెట్ల తోటలో పదిమంది తలా పది చెట్ల కాయలు కోసినను, ఒక్కడే నూఱు చెట్లు కోసినను కాయలవే. పదిమంది కోసినచో ప్రొద్దు గ్రుంకకముందే యింటికి పోవచ్చును. గూగుల్ సంస్థలోని జెఫ్రీ డీన్, సంజయ్ ఘెమావత్ అనువారు ఈ సంగతినే పెద్దయెత్తున నుపయోగించి, మ్యాప్‌రెడ్యూస్ అను పద్ధతిని 2004లో ప్రకటించిరి. వేలకొలది యంత్రములకు జాబితాను ముక్కలుగా పంచి, ప్రతి ముక్కమీదను ఒకే విధిని నడిపించి, తుదకు ఫలితములను గలుపుట ఆ పద్ధతి. లిస్ప్ భాషలోని మ్యాప్, రెడ్యూస్ అనువానినుండియే తమకీ యూహ కలిగినదని వారు చెప్పుకొనిరి. ఒక యంత్రము నడుమ చెడిపోయినను భయము లేదు. దాని వంతు ముక్కను మఱియొకదానికిచ్చి మరల చేయించిన చాలును.

రాజ్ రెడ్డిగారు పూనుకొని నడిపిన గ్రంథసేకరణ యుద్యమమును ఈ దృష్టితో చూచినచో ముచ్చటగా నుండును. లోకమందలి పుస్తకములను ఛాయాచిత్రములుగా దీసి యెల్లరకు అందుబాటున నుంచవలెనని మన దేశమునను, చైనాలోను, ఈజిప్టులోను కేంద్రములు నెలకొల్పి పనిచేసిరి. 2007 నాటికి పదునైదు లక్షలకు పైగా గ్రంథములకు ఆ పని జరిగినది. పుటపుటకును ఛాయ తీయుట, వంకర సరిదిద్దుట, సంఖ్య వేయుట. ఒక కేంద్రము మఱియొక కేంద్రముకొఱకు ఆగవలసిన పని లేదు. అన్ని పుటలు లోపలికి పోయినవో అన్నియే వెలుపలికి రావలెను గనుక, ఏ పుటయైన తప్పినచో లెక్కయే దానిని పట్టియిచ్చును.

ఇక అపవాదముల మాట. మన శాస్త్రములలో సామాన్య విధికి ఉత్సర్గమనియు, దానిని అడ్డగించు విశేష విధికి అపవాదమనియు పేరులు. బహువచనమునకు "లు" చేర్చుట ఉత్సర్గము. ఇల్లు ఇండ్లగుట, చెట్టు చెట్లగుట విశేషములు. పాలు, వడ్లు మొదలగునవి నిత్యబహువచనములు. వానికి మరల నేమియు చేర్చరాదు. నేర్చిన బాలుడు "పాలులు" అని వ్రాయడు. ఒకవేళ వ్రాసినను తానే నవ్వుకొని దిద్దుకొనును. యంత్రమునకు ఆ నవ్వు లేదు. అపవాదమును విధిలోపలనే స్పష్టముగా వ్రాసియుండనిచో, పాలులు, వడ్లులు అని వేయి పదములు వ్రాసి మీ చేతికిచ్చును. మన వ్యాకర్తలు చిక్కుగల చోట్ల "బహుళము" అని తప్పుకొనిరి. అనగా ఒకచోట వచ్చును, ఒకచోట రాదు, ఒకచోట ఇష్టము, ఒకచోట మఱియొకటి. అది వినయముతో గూడిన మాట యని నేను భావింతును. కాని యంత్రమునకు బహుళమని చెప్పి తప్పుకొనుటకు వీలులేదు.

చేతితో లెక్క వ్రాయు గుమాస్తా పొరబడినచో ఒకరి పద్దులో పొరబడును. ప్రక్కవాని చీటీతో పోల్చిచూచిన పట్టుబడును. మ్యాప్ చేయు విధిలోనే తప్పున్నచో ఊరివారందఱి చీటీలును ఒకే విధముగా తప్పును. మీ చీటీ మీ పొరుగువాని చీటీతో సరిపోవును. దానివలననే తప్పు దాగియుండును. అందఱకు నట్లే వచ్చినది గదా యని పెద్దలు సమాధానపడుట నేను పలుమాఱులు చూచితిని. ఆ సమాధానము ఇచ్చట చెల్లదు.

మఱియొక సూక్ష్మము గలదు. దానిని అణాల లెక్కతోనే చూపెదను. ఒకడు పదునాఱు దినములు దినమున కొక యణా చొప్పున బాకీ పడినాడు. ముందు కూడి పిమ్మట మార్చినచో పదునాఱణాలు ఒక రూపాయి, అనగా 100 నయాపైసలు. ముందు ఒక్కొక్క పద్దును మార్చి పిమ్మట కూడినచో ఆఱు పదునాఱులు 96. నాలుగు పైసలు ఏమైనవి? ఎవరును దొంగిలింపలేదు. ప్రతి యణాకు విడిచిన పావుపైసలు పదునాఱు చేరి నాలుగు పైసలైనవి. దినమునకు మూడణాల బాకీ యైనచో ఫలము తలక్రిందగును: కూడి మార్చిన 300, మార్చి కూడిన 304. మొదట అప్పిచ్చినవానికి నష్టము, రెండవచోట అప్పుపడినవానికి నష్టము. విధి ఒకటే, పద్దులవే, క్రమము మాత్రమే మాఱినది. భిన్నమును విడుచు విధి యున్నచోట, మ్యాప్ ముందా కూడిక ముందా యను ప్రశ్న డబ్బు ప్రశ్న యగును.

ఇది పాతకాలపు ముచ్చట యని త్రోసివేయకుడు. మా వైపున ఒక పాలసేకరణ కేంద్రమున పూటపూటకు పాలు కొలిచి, వెన్న శాతము చూచి, యంత్రము వెల కట్టును. పదునైదు దినముల కొకమాఱు డబ్బు చెల్లింతురు. పూటకు వచ్చిన వెలలో పైసలను విడిచి రూపాయలే వ్రాయునట్లు అచ్చటి విధి యుండెడిది. రెండు పాడియావులు గల యొక విధవరాలు తన చీటీలు తెచ్చి నాకు చూపినది. సౌలభ్యము కొఱకు ఆమె పాలకు పూటకు 151 రూపాయల 80 పైసలు వచ్చినవనుకొందము. పదునైదు దినములకు ముప్పది పూటలు. పూటపూటకు పైసలు విడిచి కూడినచో 4,530 రూపాయలు. పైసలతో కూడి, తుదిని విడిచినచో 4,554 రూపాయలు. ఇరువదినాలుగు రూపాయలు పక్షమునకు పోవుచున్నవి. ఇచ్చట సగమునకు మించినదానిని చేర్చుటయు లేదు, విడుచుటయే కలదు. కావున నష్టము ఎల్లప్పుడు పాలు పోయువారిదే. పైసలు పూటకొక తీరున మాఱుచుండును గనుక ఒకరికి పది రూపాయలు, ఒకరికి ఇరువది పోవుచుండును. పాలు పోయువారు వందమంది యైనచో ఆ మొత్తమెంతో మీరే కట్టుకొనుడు.

నేను కేంద్రమున కూర్చున్న యువకుని యొద్దకు పోయి కోపింపలేదు. "నాయనా, మీ యంత్రము పైసలను విడుచునది పూటపూటకా, తుదిమొత్తమునకా?" అని మాత్రమడిగితిని. అతడు బుద్ధిమంతుడు, ప్రశ్న వెంటనే గ్రహించెను. "అయ్యవారూ, నాకు తెలియదు, వ్రాసినవారి నడిగి చెప్పెదను" అనెను. పాత చీటీల నుంచుకొనుడని అందఱకును చెప్పితిని, ఏలయనగా పూటపూట యంకెలు లేనిచో తుదిమొత్తమును బట్టి ఎవరును దేనిని నిరూపింపజాలరు. రెండు పక్షముల తరువాత చీటీలలో పూటపూటకు పైసల గడి కనబడినది; తుదిమొత్తమున మాత్రమే రూపాయలకు సవరించుచున్నారు. ఆ విధవరాలు ఇప్పటికిని చీటీలను దారమునకు గ్రుచ్చి గూటిలో వ్రేలాడదీసియుంచుచున్నది.